ముప్పై దాటాక కాలేజీ ఫీజు ఎవరు కట్టాలి?

(ఎడిసన్‌లో జరిగిన మన ఫోరం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం. రాలేకపోయిన సభ్యులు అడిగినందున ఇక్కడ ఇస్తున్నాం.)



మన మీటింగుల్లో సాధారణంగా నీళ్లు, నిధులు, ఎన్నికల ఖర్చు, రాష్ట్ర బడ్జెట్ గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు ఇంటి బడ్జెట్ గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు కాస్త సందేహించారు. "అమ్మా, మనది పొలిటికల్ ఫోరం కదా" అన్నారు. మన స్కాలర్‌షిప్ నిబంధనల్లో మూడోది మార్చమని అడగడానికి వస్తున్నాను సార్, అంతకంటే పొలిటికల్ ఏముంటుంది అన్నాను. ఇరవై నిమిషాలు ఇచ్చారు. అందుకు వారికి కృతజ్ఞతలు.

మూడో నిబంధన మీలో చాలామందికి గుర్తు ఉండకపోవచ్చు. "దరఖాస్తు చేసేవారి వయసు 21 సంవత్సరాలు మించరాదు." ఎనిమిదేళ్ల క్రితం దాన్ని టైప్ చేసింది నేనే. అప్పుడు ఎవరమూ చర్చించలేదు. చదువు అంటే పిల్లలది, ఫీజు అంటే పిల్లల ఫీజు అనుకున్నాం. అంతే.

మొన్న జూన్‌లో ఇల్లెందు దగ్గర పల్లె నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. ఆమె వయసు 31. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, కుట్టుమిషను మీద బతుకు. ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చెయ్యాలని ఉంది, ఫీజుకీ పుస్తకాలకీ ఆదివారం క్లాసులకి వెళ్లే బస్సు ఛార్జీలకీ కలిపి తొమ్మిది వేల రూపాయలు కావాలని రాసింది. మన లెక్కలో వంద డాలర్లు, కాస్త అటూ ఇటూ. మూడో నిబంధన ప్రకారం తిరస్కరించాం. ఆ ఉత్తరం మీద సంతకం నాది. అదే నెలలో నా మాస్టర్స్ పట్టా ఫ్రేము కట్టించి మా హాల్లో పెట్టుకున్నాను. ఆ పట్టా నాకు 36 ఏళ్లు నిండాక వచ్చింది.

కాబట్టి ముందు నా చదువుకి డబ్బు ఎలా పోగయిందో చెప్తాను. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. మన ఇళ్లల్లో జీతం ఎంతో చెప్పుకోం, అప్పు ఎంతో అసలే చెప్పుకోం. అందువల్ల పక్కింటావిడ కాలేజీకి వెళ్తుంటే "వాళ్లకేం, ఉంది" అనుకుంటాం.

నేను హైదరాబాదులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి 2013 జనవరిలో హెచ్-4 మీద వచ్చాను. అప్పటికి హెచ్-4 వాళ్లకి పని చేసే హక్కు లేదు. ఆ రూలు 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ భర్తకో భార్యకో ఐ-140 ఆమోదం అయినవాళ్లకే ప్రధానంగా. మా ఆయనకి అది 2017లో అయింది. ఆ మధ్య నాలుగున్నరేళ్లు నేను ఏం చేశానని ఎవరైనా ఇంటర్వ్యూలో అడిగితే జవాబు ఉండేది కాదు. పాపని పెంచాను. ఇక్కడే ఎడిసన్‌లో మన కౌంటీ కాలేజీలో, ఇప్పుడు మిడిల్‌సెక్స్ కాలేజీ అంటున్నారు, రెండు కోర్సులు చదివాను. పాత రారిటన్ ఆర్సెనల్ ఆవరణలో, ఒకప్పుడు సైన్యం మందుగుండు దాచిన చోట కట్టిన కాలేజీ అది. సాయంత్రం క్లాసులో నా పక్కన యాభై ఏళ్ల ట్రక్కు డ్రైవరు కూర్చునేవాడు. అతన్ని ఎవరూ "ఈ వయసులో ఎందుకయ్యా" అని అడగటం నేను చూడలేదు. నన్ను మాత్రం ఓక్ ట్రీ రోడ్డు మీద కూరలు కొనేచోట ఇద్దరు అడిగారు, ఇద్దరూ తెలుగువాళ్లే!

ఈఏడీ వచ్చాక కాంట్రాక్టు మీద టెస్టింగు పని దొరికింది. నాలుగేళ్లు అదే పని. రెజ్యూమెలో ఆ ఖాళీ, పాత బి.టెక్ చూసి పైకి ఎవరూ తీసుకోలేదు. 2021లో పార్ట్‌టైం మాస్టర్స్‌కి అప్లై చేశాను.

మొదటి ప్రశ్న డబ్బుది కాదు, వీసాది. కాని అది చివరికి డబ్బు ప్రశ్నే అయింది. ఎఫ్-1కి మారితే ఫుల్‌టైం చదవాలి, హెచ్-4 ఈఏడీ పోతుంది, ఒక జీతం పోతుంది. పైగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న కుటుంబానికి ఎఫ్-1 చిక్కులు వేరు. హెచ్-4 మీదే ఉంటే పార్ట్‌టైం చదవొచ్చు, ఉద్యోగమూ చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఎఫ్-1కి మారి, రెండేళ్లలో లక్ష డాలర్ల దాకా పోగొట్టుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. కోర్సు ముగిశాక ఓపీటీ కావాలనుకునేవాళ్లకి ఎఫ్-1 అవసరమే, కాదనను. కాని ఈఏడీ చేతిలో ఉన్నవాళ్లు తొందరపడొద్దు.

మొదటి సెమిస్టరు రెండు కోర్సులకి బిల్లు 9,800 డాలర్లు వచ్చింది. వేరే రాష్ట్రం వాళ్లకి వేసే రేటు వేశారు! ఎనిమిదేళ్లుగా ఈ కౌంటీలో అద్దె కడుతున్నాం, పన్ను కడుతున్నాం. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. కౌంటరు దగ్గర అమ్మాయి "మీది వీసా కదా" అంది. నేను అక్కడ వాదించలేదు, ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు మా ఆయన ఫైలు కట్టారు: లీజు కాగితాలు, మూడేళ్ల టాక్స్ రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్సు, నాలుగు వాక్యాల ఉత్తరం. హెచ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్లు ఇక్కడే స్థిరపడాలనుకోవడాన్ని చట్టం తప్పు పట్టదు, న్యూజెర్సీలో పన్నెండు నెలలకి పైగా నివాసం ఉంటున్నాం, రేటు సరిచూడండి అని. ఆరు వారాలు పట్టింది. బిల్లు 5,720 అయింది. అంటే ఒక్క సెమిస్టరులో 4,080 డాలర్ల తేడా. ప్రతి కాలేజీ ఒకేలా చూడదు, అందరికీ ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వను. కాని బిల్లు చూసి నోరు మూసుకుని కట్టేయకండి. రిజిస్ట్రారుని రాతపూర్వకంగా అడగండి.

పది కోర్సులు, మూడేళ్లు. మొత్తం 28,600 డాలర్లు.

అప్పు కోసం వెళ్తే ప్రైవేటు లెండర్లు గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉన్న కోసైనరు కావాలన్నారు. మాకు బాగా కావలసిన ముగ్గురిని అడిగాం. ఒక్కరూ కాదనలేదు, ఒక్కరూ సంతకమూ పెట్టలేదు. వాళ్లని తప్పు పట్టను, నేనైనా జంకేదాన్నేమో.

అప్పుడు నన్ను ఆదుకున్నది చీటీ. నవ్వకండి! ఇరవై మంది ఆడవాళ్లం, నెలకి ఐదు వందలు, పదివేల చీటీ. మూడో నెలలో 1,400కి పాడి 8,600 చేతిలోకి తీసుకున్నాను. అందులోంచే మొదటి ఫీజు కట్టాను. ఆ చీటీ నడిపిన అక్క దగ్గర రసీదు లేదు, కాగితం లేదు, ఒక నోటుపుస్తకం ఉంది. అయినా దీన్ని పద్ధతిగా నేను సిఫార్సు చెయ్యను. పాడినవాళ్లు ఉద్యోగం మారి డల్లస్ వెళ్లిపోతే మిగతావాళ్లకి దిక్కు ఏమిటి? కాని మన మనిషికి మన మనిషి ఏ పూచీకత్తు లేకుండా డబ్బు ఇవ్వగలడని చీటీ రుజువు చేసింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

2022లో ఒక కంపెనీలో పర్మనెంటు అయ్యాను. ఉద్యోగి చదువుకి కంపెనీ ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఇస్తే దాని మీద ఆదాయపు పన్ను ఉండదు. ఈ వెసులుబాటు 1978 చట్టంలోది, 5,250 అన్న అంకె 1986 నుంచి కదల్లేదు. 2025 చట్టంతో ఇకముందు ద్రవ్యోల్బణాన్ని బట్టి పెరుగుతుంది. మనవాళ్లు పనిచేసే పెద్ద కంపెనీల్లో చాలావాటిలో ఈ సదుపాయం ఉంటుంది, హెచ్ఆర్ పేజీలో ఎక్కడో మూలన ఉంటుంది. వీసాతో నిమిత్తం లేదు. నేను రెండేళ్లు తీసుకున్నాను. అయితే 2024 ఫిబ్రవరిలో మంచి ఉద్యోగం వచ్చి మానేస్తే, పన్నెండు నెలల లోపు ఇచ్చింది వెనక్కి కట్టమన్నారు. 5,250కి చెక్కు రాసిచ్చాను. ఆ షరతు నేను సంతకం పెట్టిన కాగితం రెండో పేజీలోనే ఉంది. సాఫ్ట్‌వేరు వాళ్లం కదా, లైసెన్సు ఒప్పందం చదవకుండా "ఐ అగ్రీ" నొక్కడం అలవాటు.

ఇక అన్నింటికంటే కష్టమైన ఆరువేలు. పాప పుట్టినప్పటి నుంచి దాని పేరు మీద 529 ప్లాన్‌లో నెలనెలా వేస్తున్నాం. 2022లో నాలుగు కోర్సులకి 11,440 అయింది. కంపెనీ ఇచ్చింది పోగా ఇంకా ఆరువేల పైచిలుకు కావాలి. 529లో లబ్ధిదారుని మార్చుకోవచ్చు, పిల్లల నుంచి తల్లికో తండ్రికో కూడా మార్చుకోవచ్చు, దానికి పన్నూ పెనాల్టీ ఉండవు. ఆ వెసులుబాటు వాడుకుని ఆరువేలు నా ఫీజుకి తీశాం. మా అత్తయ్యగారు ఫోన్లో విని, "పిల్ల డబ్బుతో తల్లి చదువుతుందా!" అన్నారు. ఆవిడ చెడ్డది కాదు. నేను కాన్పుకి మంచం మీద ఉంటే ఆర్నెల్లు వండి పెట్టింది. కాని ఆ ఒక్క మాటకి రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నాను కాబట్టి. ఇప్పుడు నెలకి 150 చొప్పున పాప ఖాతాలో తిరిగి వేస్తున్నాను.

యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మనం ప్రతి సావనీరులోనూ రాసుకుంటాం. ఆయన అమెరికా రావడానికి కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది, మామగారు డబ్బు సమకూర్చారు, వచ్చాక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. అప్పటికే ఆయనకి పెళ్లయింది, వయసు ముప్పైకి దగ్గర. మామగారు అల్లుడి చదువుకి డబ్బు కూర్చాడంటే మనకి గర్వం. కోడలి చదువుకి అత్తవారు డబ్బు కూర్చిన కథ మన సావనీర్లలో ఒక్కటైనా ఉందా? మా అత్తయ్యని దెప్పడానికి అనటం లేదు, ఆవిడకి ఈ ప్రసంగం ముందే చదివి వినిపించాను.

మిగిలిన 8,750 మా జీతాల్లోంచి పోయింది. మొదటి ఏడు ఫీజు మీద 1,144 డాలర్లు లైఫ్‌టైం లెర్నింగ్ క్రెడిట్‌గా వెనక్కి వచ్చింది. ఆ క్రెడిట్ ఏడాదికి రెండు వేలు మించదు, భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 1,60,000 దాటితే తగ్గుతూ 1,80,000 దగ్గర సున్నా అవుతుంది. ఇంకొకటి: 2025 చట్టం ప్రకారం 2026 పన్ను సంవత్సరం నుంచి దీనికి సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి, ఐటిన్ సరిపోదు. అంటే ఈఏడీ లేని హెచ్-4 అమ్మాయిలకి ఈ తలుపూ మూసుకుంది. ఈఏడీ ఉన్నవాళ్లూ జాగ్రత్త, 2025 అక్టోబరు 30 తర్వాత రెన్యువల్‌కి పెట్టుకున్నవాళ్లకి ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు రావడం ఆలస్యమైతే ఉద్యోగం ఆగుతుంది, ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చే ఫీజూ ఆగుతుంది.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల సంగతి వేరు కదా అంటారు. వేరే, కాని మీరనుకున్నంత కాదు. ఫాఫ్సా నింపడానికి వయసు పరిమితి లేదు. పెళ్లయినవాళ్లకి అమ్మానాన్నల ఆదాయం అడగరు, జీవిత భాగస్వామిది అడుగుతారు. న్యూజెర్సీలో తక్కువ ఆదాయం కుటుంబాల వాళ్లకి కౌంటీ కాలేజీల్లో ట్యూషన్ లేకుండా చదివించే గ్రాంటు 2019లో మొదలై 2021లో చట్టమైంది. ఫెడరల్ పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లు ఇస్తూ వచ్చింది. దుకాణంలో బిల్లింగు చేసే మన అక్కలకి, గ్యాస్ స్టేషను నడిపే కుటుంబాలకి ఇవి సరిగ్గా సరిపోవాలి. కాని రెండింటికీ ఒక షరతు ఉంది: ముందే డిగ్రీ ఉండకూడదు. గుంటూరు బి.కాం, కరీంనగర్ బి.ఎస్సీ కూడా డిగ్రీయే.

ఇది నాకు మింగుడుపడదు. ఆ బి.కాం చూపిస్తే ఇక్కడ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం ఇవ్వరు. నర్సింగుకో డెంటల్ హైజీనుకో వెళ్తే మొదటి నుంచి చదవమంటారు. ఉద్యోగానికి అది డిగ్రీ కాదు, సహాయం అడిగితే మాత్రం డిగ్రీ! ఇక వాళ్లకి మిగిలేది ఫెడరల్ అప్పు. మాస్టర్స్ వాళ్లకి ఏడాదికి 20,500 వరకు దొరుకుతుంది, దాని పైన తీసుకునే గ్రాడ్ ప్లస్ అప్పుని 2025 చట్టం 2026 జూలై 1 నుంచి కొత్తవాళ్లకి తీసేసింది.

అన్నీ మూసుకుపోయాయని చెప్పటం లేదు. కంప్యూటర్ సైన్సు కావలసినవాళ్లకి జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ మాస్టర్స్ మొత్తం సుమారు ఏడు వేల డాలర్లలో అయిపోతుంది, ఇంట్లో కూర్చుని చదవొచ్చు. చేరడం తేలిక, నెగ్గుకురావడం కష్టం అంటారు. నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసుంటే పాప డబ్బు ముట్టుకునేదాన్ని కాదు.

ఇప్పుడు మన రాష్ట్రాల వైపు చూడండి. పెద్దవాళ్ల చదువు మనకి కొత్త కాదు. దుర్గాబాయమ్మ చిన్నప్పుడే బడి మానేసి, జైళ్లకి వెళ్లొచ్చి, బెనారస్ మెట్రిక్ దగ్గర మళ్లీ మొదలుపెట్టి, 1942లో లా పట్టా తీసుకున్నారు. తన దారిలోనే మిగతా ఆడవాళ్లూ రావాలని ఆంధ్ర మహిళా సభలో తరగతులు పెట్టారు, తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా 1958లో వయోజన స్త్రీలకి కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. ప్రభుత్వం డబ్బు పెట్టింది. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన దగ్గరే వచ్చింది, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరిచింది. మరి 2008లో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు? లక్షలమంది పిల్లల్ని ఇంజనీరింగుకి పంపింది, నేను దాన్ని తక్కువ చెయ్యను. కాని అది రెగ్యులర్ కాలేజీ పిల్లల కోసం కట్టిన పథకం, వయసు పరిమితితో సహా. మనం ప్రభుత్వాలని విమర్శిస్తూ తీర్మానాలు చేస్తాం. మన మూడో నిబంధన సరిగ్గా వాళ్ల పథకానికి నకలు.

నేను అడిగేవి రెండు. ఒకటి, ఆ 21 తీసేయండి. వయసు అన్న మాటే వద్దు. ఇల్లెందు దరఖాస్తు ఇంకా నా దగ్గరే ఉంది, మొదట దాన్ని తెరుద్దాం.

రెండోది ఇక్కడివాళ్ల కోసం. దీని మీద మీలో కొందరికి అభ్యంతరం ఉందని తెలుసు. నిన్న రాత్రి ఒక అన్నయ్య ఫోన్ చేసి, "ఎడిసన్‌లో కారున్న ఇంటికి మనం చందా ఇవ్వాలా? ఆ రెండున్నర వేలతో అక్కడ పాతికమంది పిల్లల ఫీజు కట్టొచ్చు" అన్నారు. ఆయన మాట నిజం. అందుకే పిల్లల ఫండులోంచి ఒక్క డాలరు కూడా తీయొద్దు. వేరే డబ్బా పెడదాం. దాన్లోంచి మనిషికి 2,500 డాలర్లు, వడ్డీ లేని అప్పు, గ్రాంటు కాదు. కోర్సు ముగిసి ఉద్యోగం దొరికాక నెలకి 250 చొప్పున పది నెలల్లో తిరిగి వస్తుంది, ఇంకొకరికి వెళ్తుంది. చీటీయే, పాట లేని చీటీ, నోటుపుస్తకం బదులు ఆడిట్ అయ్యే ఖాతాతో. వీసా ఏదని అడగం, డిగ్రీ ఉందా అని అడగం. తీసుకునేవాళ్ల బంధువులు ఎంపిక కమిటీలో ఉండకూడదు. నేనూ ఉండను, మా తోటికోడలు అప్లై చేస్తానంటోంది. అప్పు ఎగ్గొట్టేవాళ్లు ఉంటారా? ఉంటారు, పదిమందిలో ఒకరు అనుకుందాం. మన గత ఏడాది బాంక్వెట్‌లో మిగిలిపోయి పారేసిన భోజనాల ఖర్చు కోశాధికారి గారిని అడగండి, అప్పుడు పోల్చుకుందాం.

పన్ను మినహాయింపు ఉన్న సంస్థ వ్యక్తులకి అప్పు ఇవ్వాలంటే కాగితాలు ఎలా ఉండాలో మన సీపీఏ మిత్రులు చూస్తామన్నారు. వాళ్లు సరే అన్నాకే డబ్బు కదులుతుంది. నా వంతు 1,500 రాసి తెచ్చాను.

నిబంధన సవరణ పాఠం మీ కుర్చీల మీద ఉంది, ఒకే వాక్యం. టీ తర్వాత ఓటింగు అని కార్యదర్శి గారు చెప్పారు. దానికి ముందు ఆ ఫోన్ చేసిన అన్నయ్య మైకు తీసుకుని తన అభ్యంతరం ఇక్కడ అందరి ముందూ చెప్పాలని నా కోరిక, వెనక వరసలో కూర్చున్నారు.